ఎవడు నిలబెట్టాడు మమ్మల్ని?

తెలుగులో మనిషి ఎత్తుని టేపుతో కొలవరు, కులంతో కొలుస్తారు. ఈ మాటకి ఏ పండితుడికన్నా కోపం వస్తే, ముందు మా నాయన ఎత్తుకి సరైన మాట ఒకటి చెప్పి తర్వాత కోప్పడమనండి.

మా నాయన ఆరడుగుల మనిషి. ఇంకో అంగుళం పైనే ఉంటాడేమో, కొలిచినోడు లేడు. ఆయన పాలేరుగా ఉన్న ఆసామి కూడా ఇంచుమించు అంతే పొడుగు. ఇద్దరూ చేను గట్టు మీద ముందొకరు వెనకొకరు నడిచొస్తుంటే ఒకే కొలతకి నరికిన రెండు గుంజల్లా కనపడేవాళ్ళు. ఆసామిని ఊరు 'ఆజానుబాహువు' అనేది. 'నిలువెత్తు మనిషి, విగ్రహం చూస్తేనే దణ్ణం పెట్టాలనిపిస్తుంది' అనేది. మా నాయన్ని మాత్రం 'ఒరే తాడిచెట్టూ' అని పిలిచేది. 'దున్నపోతులా పెరిగాడు, బుర్ర మోకాల్లో ఉంది' అనేది. ఒకే ఎత్తు. ఒకడికి సంస్కృతం, ఇంకొకడికి చెట్టూ గొడ్డూ.

పొట్టితనం సంగతీ అంతే. మా మేనమామ పొట్టి. ఆయన 'బుడంకాయ', 'జానెడు లేడు'. మా ఊరి కరణం అంతకన్నా పొట్టి. ఆయన 'వామనమూర్తి'. 'పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు' అన్న సామెత ఆయన కోసమే పుట్టిందనేవాళ్ళు. వామనుడి కథ మా వాడలో అందరికీ తెలుసు. మూడడుగుల నేల అడిగిన ఆ పొట్టివాడి కాలు చివరికి ఎవడి నెత్తి మీద పడిందో మాకు వేరే హరికథ చెప్పించక్కర్లేదు.

మాట ఒక్కటే ఎత్తు తగ్గించలేదనుకుంటే, మనిషిని నిజంగానే పొట్టి చేసే పద్ధతులూ ఉండేవి. ఊళ్ళోకి పోయేటప్పుడు మా నాయన చెప్పులు చేతికొచ్చేవి. ఎగ్గట్టిన పంచె కిందికి దిగేది. భుజం మీది తువ్వాలు చంకలోకి పోయేది. చివరికి నడుం వంగేది. వీధి మొదట్లో ఆరడుగులున్న మనిషి వీధి చివరికి ఎన్ని అడుగులు మిగిలేవాడో మీరే లెక్కేసుకోండి. ఆసామి అరుగు రెండున్నర అడుగుల ఎత్తు. అరుగు మీద మనిషి కూర్చుని, కింద ఇంకో మనిషి నిటారుగా నిలబడితే కళ్ళూ కళ్ళూ దాదాపు ఒక మట్టానికి వస్తాయి. ఆ మట్టం కుదరకూడదనే వంగమన్నారు. నడుం వంపు మర్యాద అన్నది అబద్ధం. అది కొలత.

కోతలై నూర్పిళ్ళు అయ్యాక ఊళ్ళో పెద్ద పెద్ద గడ్డివాములన్నీ మా నాయనే వేసేవాడు. వామి మీద నిలబడ్డప్పుడు ఆయన పెంకుటిళ్ళ కప్పుల కన్నా ఎత్తున ఉండేవాడు. అక్కణ్ణించి కాలవ కనపడేది, స్టేషను కనపడేది. కింద కుర్చీలో ఆసామి. అంత ఎత్తు నుంచి మా నాయన 'అయ్యా, చాలా బాబుగారూ' అని అడిగేవాడు. అంత కిందనుంచి ఆసామి 'ఒరే, ఇంకో నాలుగు మోపులెయ్యరా' అనేవాడు. పై కులం, కింది కులం అన్న మాటల్లోని 'పై'కీ 'కింద'కీ నేలతో సంబంధం లేదని నాకు మొదట చెప్పింది ఏ పుస్తకమూ కాదు, ఆ వామే.

దప్పికైతే ఇంకో కొలత. పైనుంచి వాళ్ళు పోస్తే కిందనుంచి మేం దోసిలి పట్టాలి. చెంబు అంచుకీ దోసిలికీ మధ్య ఎంత ఎడం ఉండాలో ఎవరూ బళ్ళో నేర్పలేదు, అందరికీ తెలుసు. అంబేడ్కర్ తన జ్ఞాపకాల్లో బడి గురించి చెప్పిందీ ఇదే. ఆయన కుండ ముట్టుకోకూడదు. బంట్రోతు వచ్చి పోస్తేనే నీళ్ళు. బంట్రోతు లేని రోజు నీళ్ళు లేవు. పీష్వాల ఏలుబడిలో పూనాలో పొద్దున తొమ్మిది లోపలా, మధ్యాహ్నం మూడు తర్వాతా మహర్లనీ మాంగులనీ కోట గుమ్మాల్లోపలికి రానివ్వలేదని చరిత్రకారులు రాశారు. ఆ వేళల్లో నీడ పొడుగ్గా పడుతుంది, ఆ నీడ బాపనోడి మీద పడుతుందని! ఈ దేశంలో మావాళ్ళ పొడుగుని శ్రద్ధగా లెక్కలోకి తీసుకున్నది అప్పుడే. అదీ మనిషి పొడుగు కాదు, నీడ పొడుగు.

టేపు పట్టుకొచ్చినవాళ్ళూ లేకపోలేదు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కులాలవారీగా మనుషుల ఎత్తులూ ముక్కులూ కొలిచాడు. 1909లో ఏడు సంపుటాలు అచ్చేయించాడు. కులం అంటే జాతి తేడా అనీ, కొలిస్తే తేలుతుందనీ ఆ కాలపు తెల్లదొరల నమ్మకం. అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ళ మీద రాసిన పుస్తకంలో ఈ శరీర కొలతల లెక్కల్నే తీసుకుని తిప్పికొట్టాడు. బ్రాహ్మణుడిదీ అంటరానివాడిదీ వేరు వేరు జాతి అని కొలతలు చెప్పడం లేదని తేల్చాడు. టేపు ఓడిపోయింది. మాట ఓడిపోలేదు. ఇవాళ్టికీ గెలుస్తూనే ఉంది.

ఇక నిలబడటం సంగతి.

నన్ను నలుగురిలో మొదటిసారి నిలబడమన్నది బళ్ళో. స్కాలర్‌షిప్పుల లిస్టు రాసుకోవాలి కాబట్టి పంతులుగారు 'హరిజన పిల్లలు లేచి నించోండి' అన్నాడు. ఏడుగురం లేచాం. మిగతా క్లాసంతా కూర్చుని మమ్మల్ని చూసింది. అప్పటిదాకా నాతో గోళీలాడినోడు కూడా తల తిప్పి కొత్తగా చూశాడు. జాతీయగీతానికి అందరం నిలబడతాం, అందులో గౌరవం ఉంది. స్కాలర్‌షిప్పుకి మేమే నిలబడతాం. అందులో ఏముందో, చదువుకున్న దళితుల్లో ఆ నిలబడటం ఎరగనివాడు ఉంటే వాణ్ణి అడక్కండి, మిగతా అందర్నీ అడగండి.

పెద్దయ్యాక ఎలక్షన్లు చూశాను. జనరల్ సీటులో ఫలానా రెడ్డిగారు 'నిలబడ్డారు', ఫలానా చౌదరిగారు 'నిలబడ్డారు'. పక్కనే రిజర్వుడు సీటు. అక్కడ మావాణ్ణి 'నిలబెట్టారు'. చూశారా తేడా? ఒకరిది నిలబడటం, ఇంకొకరిది నిలబెట్టబడటం. 'ఈసారి ఎవర్ని నిలబెడుతున్నారండీ' అని టీ బడ్డీ దగ్గర అడుగుతారు. ఎవరు నిలబెడుతున్నారో వేరే చెప్పక్కర్లేదు. గెలిచాక కూడా ఆయన ఫలానావారు నిలబెట్టిన మనిషే. పంచాయతీల్లో ఇదింకా బాహాటం. 1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణ మాకు సర్పంచి పదవుల్లో వాటా ఇచ్చింది. కానీ కుర్చీ సంగతో? 2020లో తమిళనాడు కడలూరు జిల్లాలో దళిత మహిళ అధ్యక్షురాలిగా ఉన్న పంచాయతీలో సమావేశం జరిగింది. మిగతావాళ్ళు కుర్చీల్లో ఉండి ఆమెని నేల మీద కూర్చోబెట్టిన ఫోటో దేశమంతా చూసింది. నిలబెట్టేదీ వాళ్ళే, కూర్చోబెట్టేదీ వాళ్ళే.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు ఆఫీసులో మొదటి వారమే అడిగారు: 'నిన్నెవరోయ్ పైకి తెచ్చింది?' పక్క సీటాయన్ని ఎవరూ అలా అడగలేదు. ఆయన పైకి 'వచ్చాడు'. నన్ను ఎవరో 'తెచ్చారు'. మా నాయన వామి మీదినుంచి దించిన నడుమూ, మా అమ్మ నాట్లేసిన నీళ్ళూ, కిరసనాయిలు బుడ్డి కింద నేను కాల్చుకున్న కళ్ళూ ఆ వాక్యంలో ఎక్కడా లేవు.

ఇక్కడే అసలు మోసం ఉంది. విద్యార్థి మిత్రులారా, కార్యకర్తలారా, దీన్ని జాగ్రత్తగా పట్టుకోండి. మేం పైన ఉంటే తెలుగు వాక్యంలోకి ఇంకో కర్త వచ్చి కూర్చుంటాడు. నిలబెట్టినవాడు, పైకి తెచ్చినవాడు, ఉద్ధరించినవాడు. ఉద్ధరణ అంటేనే పైకెత్తడం. గాంధీ కాలం నుంచీ మా పేరు పక్కన ఆ మాటే అంటించారు, హరిజనోద్ధరణ అని. మేం కింద ఉంటే మాత్రం వాక్యంలో కర్త మాయమైపోతాడు. 'అణగారిన వర్గాలు' అంటారు. అణచడం వేరు, అణగారడం వేరు. అణచాలంటే ఒక చెయ్యి కావాలి. అణగారడానికి ఎవరూ అక్కర్లేదు, కుంపట్లో నిప్పు దానంతటదే అణగారుతుంది. 'వెనుకబడిన వర్గాలు' అంటారు. ఎవరో వెనక్కి నెట్టినట్టు లేదు, మేమే దారిలో నీరసించి ఆగిపోయినట్టుంది.

పిల్లల ఎత్తు దగ్గరా ఇదే ఆట. వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లల్ని 'గిడసబారారు' అంటాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో అయిదేళ్ళ లోపు పిల్లల్లో 35.5 శాతం ఇలాంటివాళ్ళే. ఎస్సీ, ఎస్టీ పిల్లల్లో ఇది ఆ సగటు కన్నా ఎక్కువ. మొక్క గిడసబారితే నీళ్ళు పెట్టనిదెవరని రైతు అడుగుతాడు. బిడ్డ గిడసబారితే ఎవడూ అడగడు. ఆ బిడ్డే రేపు కానిస్టేబుల్ ఉద్యోగానికి పోతాడు. 167.6 సెంటీమీటర్లు ఉండాలని గీత గీసి నిలబెడతారు. ఏజెన్సీ గిరిజనుడికి 160 అని సడలింపుంది, మా వాడ పిల్లడికి లేదు. గీతకి తల అందకపోతే 'పొట్టోడు, పో' అంటారు. పొట్టి చేసినోడి పేరు ఏ ఫారంలోనూ ఉండదు.

'ఇవన్నీ మాటలు. మాట మారితే భూమి వస్తుందా, కూలి పెరుగుతుందా?' అని మనవాళ్ళలోనే కొందరు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. మా చిన్నాన్న సంగతి చెబుతాను, వినండి.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్నాను. మా చిన్నాన్నకి ఒక ఆసామి ఏడాది పాలేరుతనం గింజలు ఎగ్గొట్టాడు. నాలుగు సార్లు కింద నిలబడి అడిగాడు. అయిదోసారి అరుగెక్కి అడిగాడు. గింజలు అడగడం తప్పు కాలేదు, అరుగెక్కడం తప్పయింది. 'వీళ్ళకి కళ్ళు నెత్తికెక్కాయి' అని అరుగు మీదినుంచి ఒక్క తోపు తోశారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. మా నాయనా నేనూ చిన్నాన్నని తీసుకుని పోలీసు స్టేషనుకి పోయాం. చిన్నాన్న చెప్పాడు: 'ఫలానాయన నన్ను తోశాడు.' రైటరు రాసుకున్నాడు. వేలిముద్ర వేయించుకున్నాడు. నేను చదువుకునేవాణ్ణి కాబట్టి కాగితం ఓసారి చూస్తానన్నాను. 'నువ్వెవడివిరా, బయట నించో' అన్నాడు. కాగితంలో ఏముందో నెలల తర్వాత కోర్టులో తెలిసింది. 'అరుగు మీదినుంచి పడి చేతికి గాయమైనది.' తోశాడు అన్న మాట లేదు. పడ్డాడు అని ఉంది. పడ్డానికి ముద్దాయి ఎందుకు? కేసు నిలవలేదు. మా చిన్నాన్న చెయ్యి వంకరగానే అతుక్కుంది. ఆ చేత్తో తర్వాత మేడి పట్టలేకపోయాడు. గింజలూ రాలేదు.

మాటల్లో ఏముందని అడిగేవాళ్ళకి నా జవాబు ఆ చెయ్యి. 'తోశాడు'కీ 'పడ్డాడు'కీ మధ్య ఒక మనిషి బతుకుతెరువు పోయింది.

'కేసు నిలవలేదు' అన్న మాట మా చిన్నాన్న ఒక్కడిదే కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని నరికి, శవాల్ని గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. చుండూరు తగువు సినిమాహాల్లో కాలు తగిలిందన్న మాటతో మొదలైంది. మాలోడి కాలు తగలడం నేరమైంది, ఎనిమిది మంది పీకలు తెగడం నేరమా కాదా అన్నది తేలడానికి పదహారేళ్ళు పట్టింది. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. పేపర్లో మళ్ళీ అదే తెలుగు, 'కేసు నిలవలేదు'. కేసు దానంతటది నిలబడేది కాదు, పడేదీ కాదు. సాక్ష్యం రాసేవాడు ఉంటాడు, రాయనివాడు ఉంటాడు, వాదించేవాడు ఉంటాడు, నమ్మనివాడు ఉంటాడు. అంతమంది చేతుల్ని 'నిలవలేదు' అన్న ఒక్క మాట కడిగేస్తుంది. ఎనిమిది మందీ చచ్చిపోయారు సరే, ఎవరు చంపారు? వాక్యంలో కర్త లేడు.

మరి మనం ఏం రాస్తున్నాం? మన పాటల్లో, కరపత్రాల్లో, పీహెచ్‌డీల్లో ఇప్పటికీ 'అగ్రకులాలు' ఊరేగుతున్నాయి. అగ్రం అంటే కొన, శిఖరం, మొదటిది. తిట్టడానికి నోరు తెరిచి దండ వేస్తున్నాం. వాళ్ళు శిఖరమైతే మనమేంటి, లోయా? భూమీ, పోలీసూ, పేపరూ చేతిలో పెట్టుకుని పెత్తనం చేసేవాళ్ళని 'ఆధిపత్య కులాలు' అంటే సరిపోతుంది. ఆ మాటలో ఎత్తు లేదు, పెత్తనం ఉంది. పెత్తనాన్ని దించొచ్చు. శిఖరాన్ని దించమని ఎవడూ అనడు, ఎక్కమంటాడు. ఎక్కడానికి పోటీలు పడే కొద్దీ నిచ్చెన అలాగే ఉంటుంది, మెట్టు మీదున్నోడు కింది మెట్టువాడి వేళ్ళు తొక్కుతూ ఉంటాడు. మాలకీ మాదిగకీ మధ్య కూడా ఆ మెట్టు ఉందని 1994 నుంచీ దండోరా వేసి చెప్పారు. వినకుండా 'కింది కులాలమందరం ఒకటే' అని గొణగడం కూడా ఎత్తు మాటల మాయే.

మన పెద్దలకి ఈ తెలివి ఎప్పుడో ఉంది. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన పంచముల సభ జరిగింది. పంచములం కామని అక్కడే తేల్చి, ఆది ఆంధ్రులమని పేరు పెట్టుకున్నారు. గమనించండి. 'మేం కూడా ఎత్తే' అని వాదించలేదు. ఎత్తు సంగతే పక్కన పెట్టి 'ముందు నుంచీ ఉన్నది మేం' అన్నారు. 'దళిత' అన్న మాట కూడా అలాంటిదే. చీల్చబడ్డ, తొక్కబడ్డ అని దానర్థం. ఆ మాటలో తొక్కినవాడి పాదం ఉంది. 'నిమ్న'లో ఆ పాదం లేదు, 'అణగారిన'లో లేదు. అందుకే ఆ రెండూ సర్కారుకి నచ్చాయి, ఇది మనకి నచ్చింది.

ఇప్పుడు కొత్తగా మాకు ఎత్తు పంచుతున్నారు. హైదరాబాదులో 2023 ఏప్రిల్ 14న 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఆవిష్కరించారు. విజయవాడలో 2024 జనవరిలో 81 అడుగుల పీఠం మీద ఇంకో 125 అడుగుల విగ్రహం, మొత్తం 206. సంతోషమే. మా పిల్లలు మెడలు వెనక్కి విరిచి చూశారు, చూడాల్సిందే. కానీ ఆ ప్రభుత్వాల ప్రకటనలు చదవండి. 'మేం నిలబెట్టాం.' మళ్ళీ అదే క్రియ. నిలబెట్టినవాడి పేరు కూడా ఎత్తుగానే చెక్కించుకుంటారు.

మా వాడలో ఒక విగ్రహం ఉంది. అయిదడుగులు. కూలి డబ్బుల్లోంచి తలా కొంత వేసుకుని, సిమెంటుది కొనుక్కొచ్చాం. గద్దె ఎత్తు దగ్గర పంచాయతీ పడింది. ఊళ్ళో పెద్దలు విగ్రహం వద్దనలేదు, 'గద్దె అంత ఎత్తెందుకు?' అన్నారు. ఆ ఒక్క ప్రశ్న చాలు. 206 అడుగులు వాళ్ళకి అడ్డం కాలేదు, మా నాలుగడుగుల గద్దె అడ్డమైంది. ఎందుకంటే దాన్ని ఎవరూ నిలబెట్టలేదు. మేం నిలబెట్టుకున్నాం.

'నిలబెట్టారు'కీ 'నిలబెట్టుకున్నాం'కీ మధ్య ఉన్న ఆ 'కొను'ని వ్యాకరణం ఆత్మార్థకం అంటుంది. మా అమ్మకి వ్యాకరణం రాదు. నన్ను హాస్టలుకి పంపేటప్పుడు 'బాగా ఎదుగు నాయనా' అనలేదు. 'నిలదొక్కుకో' అంది. అందులో ఎత్తు లేదు, నేల ఉంది, కాలుంది. ఆ కాలు నాది.

కాబట్టి కార్యకర్తలకి ఒక పని చెబుతున్నాను, రేపట్నుంచే చెయ్యొచ్చు. వాడలో ఎవరికి దెబ్బ తగిలినా వాళ్ళతో మీరూ స్టేషనుకి పోండి. ఫిర్యాదులో 'పడ్డాడు', 'గాయమైంది', 'నష్టపోయారు' అని ఉంటే సంతకం పెట్టనివ్వకండి. తోశాడు, కొట్టాడు, లాక్కున్నాడు అని రాయించండి, ముందు పేరు రాయించండి. నోటితో చెప్పింది రాసుకున్నాక చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 154వ సెక్షనులో ఈ హక్కు ఉండేది. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షనులోనూ ఉంది. మా చిన్నాన్న రోజుల్లో మాకు తెలియదు. అప్పటికి అట్రాసిటీ చట్టమూ లేదు, అది 1989లో వచ్చింది. మీకు తెలుసు, చట్టమూ ఉంది. 'బయట నించో' అంటే నించోకండి.

విద్యార్థులారా, మీరు రాసే ప్రతి వాక్యంలో కర్తని వెతకండి. మా గురించి 'అణగారారు' అని రాసినచోట ఎవరు అణిచారో రాయండి. 'పైకి తెచ్చారు' అని రాసినచోట కొట్టేసి 'వచ్చారు' అని రాయండి. తెలుగులో మనకి ఇంకో క్రియ మిగిలే ఉంది, నిలదీయడం. ఇన్నాళ్ళూ మమ్మల్ని నిలబెట్టి అడిగారు. ఇక మేం నిలదీసి అడుగుతాం. వంకర చెయ్యితో పోయిన మా చిన్నాన్న గింజలు ఎక్కడని ముందు అడుగుతాం.